గోదావరి రేవు జిల్లా వెంటనే కావాలి

2016 దసరాకు మన తెలంగాణలో పది జిల్లాలు 31 అయ్యాయి. 2019లో ములుగు, నారాయణపేట కూడా చేరి లెక్క 33కు వచ్చింది. ఇన్నింటిలో ఒక్కటంటే ఒక్క రేవు జిల్లా లేదు. ఈ అన్యాయం మీద ఇంతవరకు ఒక్క అఖిలపక్షం కూడా కూర్చోలేదు.

"ఓడలేవీ?" అంటారు. రేవు జిల్లాకు ఓడలు కావాలని ఎవరు చెప్పారో! కాళేశ్వరం ఒడ్డున నిలబడి అవతలికి చూడండి, మహారాష్ట్ర వైపు సిరోంచ కనిపిస్తుంది. 1860లో ఇంగ్లీషువాళ్లు దాన్నే ముఖ్యపట్టణం చేసి ఎగువ గోదావరి జిల్లా ఏర్పరిచారు. ఆర్థర్ కాటన్ దొర లెక్కలో బేరారు (ఇప్పటి విదర్భ వైపు) పత్తి పడవలెక్కి, ప్రాణహిత దిగి, గోదావరి వెంట కాకినాడ చేరాలి. దారిలో దుమ్ముగూడెం, ఇచ్చంపల్లి, దేవలమర్రి దగ్గర బండరాళ్లు అడ్డం. వాటిని దాటించడానికి ఆనకట్టలు, లాకులు, కాలువలు మొదలుపెట్టారు. బండలతో ఎలాగో వేగొచ్చు, ఎండాకాలం గోదావరితో ఎలా వేగుతారు? ఇంతలో 1867లో నాగపూర్‌కు రైలొచ్చింది. పత్తి హాయిగా రైలెక్కి బొంబాయి పోయింది. 1871లో పనులు ఆపేశారు.

జిల్లా మాత్రం 1874 దాకా ఉంది! పథకం పోయాక మూడేళ్లు జిల్లా నడిచిందంటే, రేవుకన్నా సర్కారు కచేరీయే గట్టిదని తేలలేదా? ఇంతకన్నా రుజువు నేను తేలేను.

ఓరుగల్లుకు ఓడల వ్యాపారం కొత్తా అంటే అదీ కాదు. 1244 ప్రాంతంలో కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించాడు. గాలివానకు ఓడ పగిలి సరుకు ఒడ్డుకు కొట్టుకొస్తే పాత రాజులు లాక్కునేవారట, తాను మాత్రం న్యాయమైన సుంకంతో సరిపెట్టుకుంటానని వర్తకులకు మాటిచ్చాడు. ఆ మోటుపల్లి బాపట్ల వైపు ఉండిపోయింది. 2014 విభజనప్పుడు దాన్ని అడగాలని మనవాళ్లకు తట్టలేదు.

చట్టం కూడా మన వైపే ఉంది. 2008లో భద్రాచలం నుంచి రాజమండ్రి దాకా గోదావరిని జాతీయ జలమార్గమన్నారు. 2016 చట్టం దాన్ని నాసిక్ దాకా సాగదీసింది. కాబట్టి మంథని, ధర్మపురి, బాసర ఇప్పటికే కాగితం మీద ఓడల దారిలో ఉన్నాయి. రేవు కూడా కాగితం మీదే కడితే ఖర్చు ఏముంటుంది?

ఎదురీత సంగతా? మేడిగడ్డ నుంచి అన్నారం, సుందిళ్ల మీదుగా ఎల్లంపల్లికి నీళ్లనే పంపులతో వెనక్కి ఎక్కించినవాళ్లం, పడవ ఒక లెక్కా! 2023 అక్టోబరులో మేడిగడ్డ బ్యారేజీ ఏడో బ్లాకులో పిల్లర్లు కుంగిన మాట నిజమే. ఓడ రాకముందే కుంగడం మన అదృష్టం, వచ్చాక కుంగితే బీమావాళ్లతో ఎంత టెన్షన్!

సరుకు రవాణాకు ప్రస్తుతం మహదేవపూర్ రోడ్డు మీద బారులు తీరిన ఇసుక లారీలు చాలు. వాటికి లంగర్లు బిగించి, డ్రైవర్లకు తెల్ల టోపీలు పంచితే మిగతాది ఫొటోగ్రాఫర్ చూసుకుంటాడు.

ఒక్క చిక్కే ఉంది, జిల్లా కేంద్రం. మంథని అంటే మహదేవపూర్ ఊరుకోదు, మహదేవపూర్ అంటే మంగపేట ఊరుకోదు. గెజిట్ కన్నా ముందే రిలే దీక్షలకు టెంట్లు మాట్లాడుకోవడం మంచిది. పెళ్లిళ్ల సీజన్‌లో దొరకవు.