బొజ్జ మీద ఇంత కక్షా?

మగవాడి బొజ్జంటే డాక్టర్లకు ఎందుకో గిట్టదు. మన విశాఖలో ఉద్యోగం పర్మినెంటయిందని ఊరికి చాటేది ఆ బొజ్జే. ఇంక్రిమెంటుకో అంగుళం చొప్పున ఎదిగి, పెళ్ళయిన రెండేళ్ళకు ‘ఇల్లాలు బాగానే చూసుకుంటోంది’ అనే మాట కూడా సంపాదించి పెడుతుంది. అంతటి ఆస్తి మీద ఇప్పుడు సంతానలేమి అభియోగం మోపుతున్నారు. న్యాయమేనా?

ఇలాంటి విషయాల్లో మనకొక పద్ధతుంది. ముందు కోడలికి థైరాయిడ్ పరీక్ష, తర్వాత స్కానింగు, ఆ తర్వాత ట్యూబుల పరీక్ష. మధ్యలో మార్గశిర గురువారాలు బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి దగ్గర క్యూ. ఇవన్నీ అయ్యాక మాకు తెలిసినవాళ్ళింట్లో లేడీ డాక్టరు కాస్త జంకుతూనే, “అబ్బాయిది కూడా ఒకసారి చూద్దామండీ” అంది. అత్తగారు పర్సు చంకన పెట్టుకుని లేచి నిలబడ్డారు. “మావోడికేటమ్మా లోటు? నూట అయిదు కేజీలున్నాడు!”

పిల్లలు కలగని జంటల్లో సుమారు సగం మంది విషయంలో మగవాడి వైపు కారణం కూడా ఉంటుందని వైద్యులు ఏనాటి నుంచో చెబుతున్నారు. అయినా నూట అయిదు కేజీల సాక్ష్యం కళ్ళెదుట ఉండగా లెక్కలెవరిక్కావాలి?

సరే, అభియోగపత్రం చూద్దాం. కొవ్వులో అరోమటేజ్ అనే ఎంజైమ్ ఉంటుందట. అది మగ హార్మోను టెస్టోస్టిరాన్‌ని ఈస్ట్రడయాల్ అనే ఆడ హార్మోనుగా మార్చేస్తుంది. ఇది చూసిన మెదడు, హార్మోన్లకేమీ కొదవలేదు కాబోలనుకుని టెస్టోస్టిరాన్, వీర్యకణాలు తయారుచేయమని వృషణాలకు పంపే ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ అనే హార్మోన్లను తగ్గించేస్తుంది. అంటే నడుం చుట్టూ లైసెన్సు లేని కర్మాగారం ఒకటి మూడు షిఫ్టులూ నడుస్తోందన్నమాట. పొద్దున లేస్తే కాలుష్యం గురించి గొడవపడే ఈ ఊళ్ళో దీని మీద ఇంతవరకు ఒక్క అర్జీ పడలేదు. ఇది చాలక, వీర్యకణాలు సరిగ్గా తయారవాలంటే వృషణాలు ఒంటి వేడి కంటే రెండు నుంచి నాలుగు డిగ్రీలు చల్లగా ఉండాలట. తొడల కొవ్వు మధ్య, బిగుతు జీన్సులో, మే నెల ఉక్కలో, బండి సీటు మీద అవి చల్లగా ఎలా ఉంటాయో అభియోగం మోపినవాళ్ళే చెప్పాలి.

లావుగా ఉన్న ప్రతివాడికీ పిల్లలు పుట్టరని వాళ్ళూ అనడం లేదు లెండి. వీర్యకణాల సంఖ్య, కదలిక తగ్గే అవకాశం పెరుగుతుందంటారు, అంతే. మందు కూడా చెప్పారు: ఒళ్ళు వంచడం. వ్యాయామంతో ఒళ్ళు ఇన్సులిన్ మాట వింటుంది, పొట్టలోపలి కొవ్వు కరుగుతుంది, టెస్టోస్టిరాన్ కోలుకుంటుంది. డెన్మార్క్‌లో స్థూలకాయులైన మగవాళ్ళకు 8 వారాల పాటు రోజుకు 800 కేలరీల తిండే పెట్టి బరువు దించారు. వీర్యకణాల సాంద్రత దాదాపు ఒకటిన్నర రెట్లయింది. తర్వాత ఏడాది పాటు బరువు పెరగకుండా కాపాడుకున్నవాళ్ళలో ఆ లాభం నిలిచిందని 2022లో ప్రకటించారు. కాపాడుకోవడానికి వాళ్ళు వాడిన ఉపాయాల్లో వ్యాయామం ఒకటి.

వ్యాయామం మనకు కొత్తా! తెల్లవారుజామున బీచ్ రోడ్డు మీద వాహనాలు ఆపేసేది మన నడక కోసమే. అందుకని బ్యారికేడ్ దాకా కారులోనే వస్తాం. కాళీమాత గుడి దగ్గర బయల్దేరి కురుసుర సబ్‌మెరైన్ చేరేలోపు స్టీల్ ప్లాంటు సమస్య, రైల్వే జోన్ సమస్య, పక్కవాడి షుగరు సమస్య పరిష్కరిస్తాం. నోరు నడిచినంత వేగంగా కాళ్ళు నడవవు. వారానికి 150 నిమిషాలు, అదీ ఊపిరి కాస్త ఎగదన్నేలా నడవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. మన ఊపిరి ఎగదన్నేది టిఫిన్ బండి కనబడ్డప్పుడు. నెయ్యి కారప్పొడి ఇడ్లీ ఒక ప్లేటు, పక్కన నాలుగు పునుగులు, చేతి వాచీలో మూడు వేల అడుగులు. 2025 జూన్ 21న యోగా దినోత్సవానికి ఆర్కే బీచ్ నుంచి భోగాపురం దాకా లక్షల మందిమి బారులు తీరి గిన్నిస్ రికార్డు కొట్టాం. ఆ రోజు పరిచిన చాప అటక మీద ఇప్పటికీ కొత్తగానే ఉంది.

కుర్రాళ్ళు మాత్రం తొందరపడుతున్నారు. జిమ్ములో చేరిన రెండో నెలకే, ఎవడో అన్న చెప్పాడని టెస్టోస్టిరాన్ సూది పొడిపించుకుంటారు. బయటి నుంచి సరుకు దిగుతోందని మెదడు లోపలి ఉత్పత్తి ఆపేస్తుంది, వీర్యకణాల లెక్క సున్నా దాకా పడిపోవచ్చు. కండలు మాత్రం చొక్కా చించుకుని వస్తాయి. ఫొటోలు అదిరిపోతాయి.

అసలు చిక్కు ఇంకోటుంది. ఒక వీర్యకణం తయారవడానికి సుమారు 74 రోజులు, బయటపడే దారిలో ఇంకొన్ని రోజులు పడుతుంది. ఇవాళ మొదలుపెట్టిన వ్యాయామం ఫలితం రిపోర్టులో కనబడాలంటే మూడు నెలలాగాలి. మన పంచాంగంలో మూడు నెలల ఖాళీ ఎక్కడుందో చూపించండి. కార్తికంలో మొదలెడితే వనభోజనాలు. ఆపైన సంక్రాంతి: అత్తారింట్లో అరిసెలు వద్దంటే మర్యాదా? కనుమనాడు మినుము కొరకాలని పెద్దలే అన్నారాయె. వైశాఖంలో చందనోత్సవం నాటికి ఎండ మాడు పగలగొడుతుంది, నడవమనడం పాపం. ఆషాఢంలో కొత్త పెళ్ళాం పుట్టింటికి పోతుంది, ఇక నడిచి ఎవరిని ఉద్ధరించాలి?

అయినా ఆషాఢ పున్నమికి సింహాద్రి అప్పన్న గిరిప్రదక్షిణ ఉండనే ఉంది. 32 కిలోమీటర్లు! దారి పొడుగునా పెట్టిన పులిహోర, పోసిన మజ్జిగ ఏదీ కాదనకుండా పుచ్చుకుంటూ మనవాడు ఒక్క రాత్రిలో చుట్టేస్తాడు. తెల్లారి కాళ్ళకు కొబ్బరినూనె రాయించుకుంటూ, ఈ ఏటి కోటా అయిపోయిందని డాక్టరుకు ఫోన్ చేసి చెప్పమంటాడు. చెప్పాల్సింది మళ్ళీ కోడలే.