బల్ల కాలు కింది అట్టముక్క గారికి

గౌరవనీయులైన అట్టముక్క గారికి,

వర్క్‌షాప్ బల్ల కాలి కింద, మడతల మీద మడతలు పడి, నోరెత్తకుండా సేవ చేస్తున్న మీకు నమస్కారాలు. ఇంట్లో సొంతంగా పనిబల్ల కట్టుకున్నవాళ్ళలో చాలామంది ఆఖర్న పిలిచే ఇంజినీరు మీరే. డ్రాయింగ్‌లో మీరుండరు, సామాన్ల లిస్టులో ఉండరు, ఫొటో తీసేటప్పుడైతే మీరు కనబడకుండా ఏదో ఒకటి అడ్డం పెడతారు. కానీ మిమ్మల్ని లాగేస్తే బల్ల సంగతేంటో అందరికీ తెలుసు.

ఇది మీ మీద ఫిర్యాదు కాదండీ. మీ నెత్తిన పెట్టిన పని మీద.

బల్ల కదలడంలో రెండు రకాలున్నాయి. నేల ఎగుడుదిగుడుగా ఉండి ఒక కాలు గాల్లో తేలితే టకటకలాడుతుంది, అది మీ శాఖ, కాదనను. రెండోది చిత్రిక పట్టేటప్పుడు వచ్చేది: నాలుగు కాళ్ళూ నేలకి ఆనే ఉంటాయి, పైపలక మాత్రం చిత్రికతో పాటు ముందుకీ వెనక్కీ ప్రయాణం పెట్టుకుంటుంది. కాలికీ పలకకీ మధ్య లంబకోణం నిలవక, పక్కనుంచి చూస్తే బల్ల ఓ వైపుకి ఒరిగిపోతుంటుంది. అది కీళ్ళ జబ్బు. దానికీ మిమ్మల్నే మడిచి తోస్తున్నారు, ఒక మడత చాలకపోతే ఇంకో మడత. మోకాలి నొప్పికి చెప్పులు మార్చినట్టు.

అసలు దోషం పైపలక మోజుది. పలక మూడంగుళాల మందం ఉండాలంటారు, ఉన్న క్లాంపులన్నీ బిగించి జిగురుతో అతికిస్తారు, అద్దంలా నున్నగా తీస్తారు, దానికో ఖరీదైన వైస్ (చెక్కని కదలకుండా బిగించి పట్టేది) తగిలిస్తారు, ఇంత వైభవాన్నీ మొయ్యాల్సిన కాళ్ళ దగ్గరికి వచ్చేసరికి డబ్బూ ఓపికా రెండూ అయిపోయి నాలుగు స్క్రూలతో కానిచ్చేస్తారు. ఆ స్క్రూలు కూడా కాళ్ళని కలిపే అడ్డపట్టీ కోసిన చివర్లోకి, పీచు వెంబడే దిగుతాయి. పీచుకి అడ్డంగా దిగిన స్క్రూకి ఉండే పట్టు దానికి ఎక్కడిది!

మందు రహస్యమేం కాదు. కాళ్ళ మధ్య పైనా కిందా అడ్డపట్టీలు కావాలి, అవి వెడల్పుగా ఉండాలి. కాలికి ఆనే చోట పట్టీకి ఎంత ఎత్తుంటే ఒరుగుడుని అంత గట్టిగా ఆపుతుంది, ఆరంగుళాల పట్టీ చేసే పని రెండంగుళాలది చెయ్యలేదు. కాలికి బెజ్జం తొలిచి, పట్టీ చివర సన్నగా చెక్కిన కుసిని అందులోకి దించి, రెండిట్లోంచీ అడ్డంగా చెక్క చీల కొట్టాలి. కుసిలో చీల కన్నాన్ని కాలి కన్నం కంటే ఒక మిల్లీమీటరో, ఒకటిన్నరో పట్టీ వైపు జరిపి వేశారంటే, చీల దిగేకొద్దీ కీలు దానంతటదే బిగుసుకుంటుంది, జిగురు లేకపోయినా సరే. అంత ఓపిక లేనివాళ్ళకి బోల్టులున్నాయి, వాషర్ వేసి బిగించుకుని, చెక్క ఎండి కాస్త తగ్గాక మళ్ళీ ఓ తిప్పు తిప్పుకోవడమే. అదీ వద్దా, వెనక కాళ్ళకి అడ్డంగా ఓ ప్లైవుడ్ షీటు స్క్రూలతో కొట్టేస్తే పొడవు దిశలో ఒరుగుడు దాదాపు మాయం. కాకపోతే దానికి ఫొటోలో అందం రాదు, అందుకే చాలామందికి ఆ ఊసే గిట్టదు.

18వ శతాబ్దంలో ఆంద్రే రూబో అనే ఫ్రెంచ్ వడ్రంగి గీసిన బల్లని ఇప్పటికీ కాపీ కొడుతూనే ఉన్నారు. మందపాటి పలకలోకి నేరుగా దిగిన లావు కాళ్ళున్నాయి, కింద అడ్డపట్టీలున్నాయి. మీరు లేరు.

చెక్క సంగతి కూడా చెప్పాలి. సరిగా ఆరని చెక్కతో కాళ్ళు చేస్తే ఆరుతూ ఆరుతూ మెలితిరుగుతాయి. పలకేమో తేమకి వెడల్పులో ఉబ్బుతుంది, ఆరితే తగ్గుతుంది, అది కదలడానికి స్క్రూ కన్నాలు కాస్త పొడుగ్గా తియ్యకుండా నలుమూలలా బిగించి కూర్చోబెడితే చీలిపోతుంది, లేదంటే వంగుతుంది. ఎక్కడో ఒక కాలు లేస్తుంది. మీకు ప్రమోషన్.

(బల్లకి చక్రాలు బిగించి, లాక్ వేశాం కదా అని ధైర్యంగా ఉలి కొట్టేవాళ్ళ గురించి ఇక్కడ ఏమీ రాయను, మీ ఆరోగ్యానికి మంచిది కాదు.)

అందువల్ల తెలియజేయునది ఏమనగా, కొత్త బల్ల కీళ్ళ బాధ్యత నుంచి మిమ్మల్ని తప్పించడమైనది. నేల ఎగుడుదిగుడు అలాగే ఉంది, నిజమే, కానీ ఆ పోస్టుకి పలుచని చెక్క చీలికలూ, తిప్పి ఎత్తు సరిచేసుకునే బోల్టు కాళ్ళూ దరఖాస్తు పెట్టుకున్నాయి. బరువుకి మీలా నలిగిపోవు, తడికి మెత్తబడవు. మీకు వేరే ఉద్యోగం చూశాం: జిగురు పని ఉన్నప్పుడు బల్ల మీద పరుచుకోవాలి. మీద చుక్కలు పడతాయి, బరువు మాత్రం పడదు. సోమవారం నుంచి చేరవచ్చు, మడతలు విప్పుకుని రాగలరు.

ఇట్లు,
బల్ల యాజమాన్యం