సవరణ: ఇంగ్లండ్‌లో పొలమంతా పిట్టలకే వదిలేయడం కుదరదు

ఇంగ్లండ్ రైతుల గురించి రాసిన పోస్టులో "గోధుమ మానేసి పొలమంతా పిట్టల మేత వేసుకున్నా సర్కారు డబ్బిస్తుంది" అన్న వాక్యానికి ఈ సవరణ. ఎస్‌ఎఫ్‌ఐ (సస్టెయినబుల్ ఫార్మింగ్ ఇన్సెంటివ్ - పర్యావరణానికి మేలు చేసే పనులకు రైతులకు సర్కారు డబ్బిచ్చే పథకం)లో దీనికి హెక్టారుకు ఏటా 853 పౌండ్లు ఇచ్చిన మాట నిజమే. బార్లీ, క్వినోవా లాంటివి చల్లి, చలికాలంలో కోయకుండా పిట్టలకు వదిలేయాలి. ఎరువులు, డీజిల్ ఖర్చు చూశాక గోధుమ కన్నా ఇదే నయం అనుకున్నవాళ్లు లేకపోలేదు. అయితే సాగు తప్పించే ఇలాంటి 6 పనులూ కలిపి పొలంలో 25 శాతం దాటకూడదని 2024 మార్చిలో కొత్త దరఖాస్తులకు పరిమితి పెట్టారు. నాకైతే సబబే అనిపిస్తోంది, తిండిగింజలూ పండాలిగా! 2025 మార్చి 11న కొత్త దరఖాస్తులే ఉన్నపళంగా ఆపేశారు. అప్పటికే ఒప్పందం ఉన్నవాళ్లకు చెల్లింపులు ఆగలేదు. కాబట్టి ఆ పోస్టులోనే ఈ పథకం గురించి రాసిన "ఎప్పుడైనా చేరొచ్చు" అన్న మాటను కొట్టేసి చదువుకోండి.