ఊరు మారితే క్యూ మళ్ళీ మొదటి నుంచా?

వైద్యం కోసం ఎదురుచూసే వెయిటింగ్ లిస్టులో పిల్లల చోటు పిల్లలతో పాటే కదలాలి. ఇంగ్లండ్‌లో కౌన్సిల్ కేర్‌లో, అంటే స్థానిక ప్రభుత్వ సంరక్షణలో, పెరుగుతున్న పిల్లల గురించి నేను అడుగుతున్నది ఇదొక్కటే. ఇంత చిన్న విషయానికి ఇంత పొడుగు పోస్టా అనుకోకుండా చదవండి.

మేము ఇక్కడ కొన్నేళ్ళుగా ఫాస్టరింగ్ చేస్తున్నాం. ఏదో ఒక కారణంతో కన్నవాళ్ళ దగ్గర ఉండలేని పిల్లల్ని కౌన్సిల్ మాలాంటి వాళ్ళ ఇళ్ళలో ఉంచుతుంది. మా ఇంటికి వచ్చిన పిల్లల వివరాలు ఇక్కడ రాయను, రాయకూడదు కూడా. ఒక్క ఇంగ్లండ్‌లోనే కేర్‌లో 80 వేల మందికి పైగా పిల్లలున్నారు. వాళ్ళ శారీరక, మానసిక ఆరోగ్యం బాగుండేలా చూడాలని 2017లో వచ్చిన చట్టం కౌన్సిళ్ళకి స్పష్టంగానే చెప్పింది.

కాగితం మీద ఏర్పాట్లు బాగానే ఉన్నాయి. పిల్లలు కేర్‌లోకి వచ్చాక 20 పనిదినాల్లోపు డాక్టరు పూర్తిగా పరీక్షించి హెల్త్ ప్లాన్ తయారు కావాలి. ఆ తర్వాత ఐదేళ్ళలోపు పిల్లలకి ఆరు నెలలకోసారి, అంతకంటే పెద్ద పిల్లలకి ఏడాదికోసారి మళ్ళీ చూస్తారు. ఈ పని చేసే నర్సుల్లో ప్రాణం పెట్టి చేసేవాళ్ళని చూశాను. కళ్ళు, పళ్ళు, టీకాలు, నిద్ర, భయాలు అన్నీ ఓపిగ్గా అడుగుతారు. చివర్లో స్పీచ్ థెరపీకి పంపాలి, క్యామ్స్‌కి, అంటే పిల్లల మానసిక వైద్య విభాగానికి, రిఫర్ చేయాలి అని రాస్తారు. పరీక్ష అయిపోతుంది, వైద్యం మాత్రం మొదలవదు. ఎదురుచూపు మొదలవుతుంది.

ఎదురుచూపులు ఈ దేశంలో అందరికీ ఉన్నాయి, నాకు తెలుసు. కానీ మన పిల్లలు ఒకే ఇంట్లో ఉండి ఎదురుచూస్తారు. కేర్‌లో ఉన్న పిల్లల్లో సుమారు పదిమందిలో ఒకరు ఒక్క ఏడాదిలోనే మూడు లేదా అంతకంటే ఎక్కువ చోట్ల ఉంటారు. దాదాపు ఐదుగురిలో ఒకరిని సొంత ఇంటికి 20 మైళ్ళకు పైగా దూరంలో ఉంచుతారు. నెలల తరబడి లిస్టులో ఉన్న పిల్లాడు వేరే కౌంటీకి వెళ్ళగానే పాత చోట "ఇక మా ఏరియా కాదు" అని పేరు తీసేస్తారు. కొత్త చోట "కొత్త రిఫరల్ పంపండి" అంటారు. ఆ ఎదురుచూసిన నెలలన్నీ ఏమైనట్టు?

ఇంకో మాట కూడా వినిపిస్తుంది. "ముందు కొత్త ఇంట్లో స్థిరపడనివ్వండి, థెరపీ తర్వాత చూద్దాం" అని. నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. లోపలి బాధకి వైద్యం అందక పిల్లాడు గోడలు తంతాడు, రాత్రిళ్ళు అరుస్తాడు, ఇంట్లోంచి పారిపోతాడు. అది తట్టుకోలేక ఆ ఇంటివాళ్ళు చేతులెత్తేస్తారు. ఇల్లు మారుస్తారు. ఇల్లు మారింది కాబట్టి వైద్యం ఇప్పుడే కాదంటారు. మరి ఎప్పుడు?

ఇలా చేయకూడదని రాతలో ఉంది. 2015లో ప్రభుత్వం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, ఉంటున్న ఇల్లు తాత్కాలికమనే సాకుతో కేర్‌లోని పిల్లలకి ఏ సేవా నిరాకరించకూడదు. కొత్త చోటికి వచ్చినవాళ్ళు, అదే అవసరం ఉన్న స్థానిక పిల్లల కంటే ఎక్కువ కాలం ఆగకూడదు. డబ్బు ఎవరివ్వాలన్నది కూడా తేలిపోయిన సంగతే. మామూలుగా పిల్లల్ని పంపిన ప్రాంతపు ఐసీబీయే, అంటే ఆ ప్రాంతంలో ప్రభుత్వ వైద్యానికి డబ్బిచ్చే సంస్థే, ఖర్చు భరించాలి. అయినా రెండు ఆఫీసుల మధ్య ఈమెయిళ్ళు తిరుగుతూనే ఉంటాయి. ఈలోపు పిల్లాడికి ఒక ఏడాది వయసు పెరుగుతుంది.

మనకి చిన్నప్పుడు ఏ మందు పడలేదో, ఏ వయసులో ఫిట్స్ వచ్చాయో అమ్మకి ఒక్క ఫోన్ చేస్తే తెలిసిపోతుంది. ఈ పిల్లలకి ఆ జ్ఞాపకమంతా ఫైళ్ళలోనే ఉండాలి. పుట్టినప్పుడు ఇచ్చే రెడ్ బుక్, అంటే టీకాలు, ఎదుగుదల రాసే ఆరోగ్య పుస్తకం, చాలాసార్లు పిల్లలతో రాదు. పైగా కొత్త జీపీ (ఫ్యామిలీ డాక్టరు) దగ్గర టెంపరరీగా రిజిస్టర్ చేస్తే పాత రికార్డులు పూర్తిగా రావు. ఫాస్టరింగ్ మొదలుపెడుతున్న తెలుగు కుటుంబాలు ఇది గుర్తుంచుకోండి. పిల్లలు మీ ఇంట్లో ఎన్నాళ్ళుంటారో తెలియకపోయినా, పర్మనెంట్ రిజిస్ట్రేషన్ కుదురుతుందేమో సోషల్ వర్కర్‌తో మాట్లాడి గట్టిగా అడగండి. పూర్తిగా మత్తిచ్చి పన్ను తీయాల్సి వస్తే మామూలుగా ఫాస్టరింగ్ చేసే మన సంతకం చెల్లదు. సంతకం ఎవరిదో, ఆ కాగితం ఎప్పటికి చేతికొస్తుందో ముందే కనుక్కోండి. ఆ ఒక్క కాగితం రాక అపాయింట్‌మెంట్ రద్దయి, పంటి నొప్పితో ఏడుస్తున్న బిడ్డని వెనక్కి తీసుకొచ్చిన రోజు నాకు వచ్చిన కోపం ఇప్పటికీ తగ్గలేదు.

ఎన్‌హెచ్‌ఎస్‌లో, అంటే ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవలో, మన తెలుగు డాక్టర్లు, నర్సులు, రిసెప్షన్‌లో పనిచేసేవాళ్ళు ఎంతోమంది ఉన్నారు. మీకు ఒక విన్నపం. కేర్‌లో ఉన్న పిల్లల్ని మీ చోటి నుంచి వేరే చోటికి పంపేటప్పుడు, మొదటి రిఫరల్ ఏ తేదీన వెళ్ళిందో ఉత్తరం మొదటి లైన్‌లోనే రాయండి. వాళ్ళు మీ దగ్గరికి వచ్చినప్పుడు ఆ తేదీ అడిగి తెప్పించుకుని, ఈరోజు నుంచి కాకుండా ఆ తేదీ నుంచే లెక్క వేయండి. కుదరదని మీ మేనేజర్ అంటే, 2015 మార్గదర్శకాలు తీసి చూపించండి.