ఒక్క ‘జ’ తగ్గినందుకు

ఒక దేశానికి ఇంకో దేశం మీద ఉన్నట్టుండి ప్రేమ పుట్టుకొస్తే ఏమివ్వాలి? శాలువా కప్పొచ్చు, పూలగుత్తి ఇవ్వొచ్చు. అమెరికా బటన్ ఇచ్చింది. 2009 మార్చి 6న జెనీవాలో అప్పటి అమెరికా విదేశాంగ మంత్రి హిల్లరీ క్లింటన్, రష్యా విదేశాంగ మంత్రి లావ్రోవ్ చేతిలో ఓ చిన్న పెట్టె పెట్టారు. దానికో ఎర్ర బటన్. ఇంగ్లీషులో రీసెట్ (అంటే పాతది మరిచి మళ్ళీ మొదలుపెడదామని) అనీ, రష్యన్‌లో, అదీ రోమన్ లిపిలో, పెరెగ్రూజ్కా అనీ రాసుంది. సరైన మాట కోసం చాలా కష్టపడ్డామని ఆవిడ అన్నారు. తప్పు రాశారని ఆయన అన్నారు. తెలుగువాళ్ళను మాస్కోకి రప్పించి, కూర్చోబెట్టి పుస్తకాలు అనువాదం చేయించిన దేశమది, అక్షరం పోతే ఊరుకుంటుందా? ఉండాల్సింది పెరెజగ్రూజ్కా. ‘జ’ ఎగిరిపోయేసరికి అది కాస్తా ‘మోయలేనంత బరువు’ అయి కూర్చుంది. అయినా ఇద్దరూ నవ్వుతూ, కెమెరాల ముందు, కలిసి ఆ బటన్ నొక్కారు.

అప్పట్నుంచీ అందరూ ఆ అనువాదకులెవరో వాళ్ళని ఆడిపోసుకుంటూనే ఉన్నారు. ఇది ఘోరమైన అన్యాయమని సవినయంగా మనవి చేస్తున్నాను. అసలు దోషి రీసెట్. ఇంగ్లీషువాడికి ఆ ఒక్క మాట ఉంటే గడియారం నుంచి విరిగిన ఎముక దాకా సంసారం నడిచిపోతుంది. రష్యన్‌కి అంత ఉదారత లేదు. ఎముకనైతే వ్‌ప్రావిత్ చెయ్యాలి (మన పుత్తూరులో అయితే ఆకుపసరేసి కట్టు కడతారు). పాస్‌వర్డునైతే స్బ్రోసిత్, అంటే కింద పారెయ్యాలి. గడియారాన్ని పెరెవెస్తీ చెయ్యాలి. విచిత్రం, అనువదించడానికీ వాళ్ళకి అదే మాట. కంప్యూటరుకైతేనే పెరెజగ్రూజ్కా. నెల ముందు మ్యూనిక్‌లో రీసెట్ బటన్ నొక్కే వేళయిందని ప్రకటించిన అప్పటి అమెరికా ఉపాధ్యక్షుడు బైడెన్, తన మనసులో ఉన్నది ఎముకో గడియారమో సెలవియ్యలేదు.

పైగా ఆ ‘పెరె’ అనే ఉపసర్గ మహా జాణ. చదవడం ముందు చేరితే మళ్ళీ చదవడం. ఉప్పు వెయ్యడం ముందు చేరితే ఇక ఆ కూర నోట పెట్టలేం. ‘మళ్ళీ’ అన్నా అదే, ‘మితిమీరి’ అన్నా అదే. ఆ రెండు దేశాల సంబంధాలను రెండక్షరాల్లో ఇంత క్లుప్తంగా చెప్పిన వ్యాకరణం నేనింకోటి ఎరగను.

పోనీ పెరెగ్రూజ్కాకైనా ఒకటే అర్థమా? రేవులో సరుకును ఒక ఓడలోంచి ఇంకో ఓడలోకి మార్చడం కూడా అదే. రాకెట్ లేచేటప్పుడు వ్యోమగామి గుండె మీద పడే భారమూ అదే. లావ్రోవ్ గారు కాస్త పెద్దమనసు చేసుకుని వీటిలో ఒకటి ఏరుకుని ఉండొచ్చు.

మరుసటేడు, 2010 ఏప్రిల్ 8న, ప్రాగ్‌లో రెండు దేశాల అప్పటి అధ్యక్షులు ఒబామా, మెద్వెదేవ్ అణ్వాయుధాల తగ్గింపు ఒప్పందం మీద సంతకాలు పెట్టారు. ఈసారి జాగ్రత్తపడ్డారు. ఇంగ్లీషు ప్రతీ రష్యన్ ప్రతీ సమానంగా ప్రామాణికమని రాసుకున్నారు. 2014లో, రష్యా ఉక్రెయిన్ నుంచి లాగేసుకున్న క్రిమియా గొడవ వచ్చిపడింది. 2023లో ఆ ఒప్పందంలో తన పాత్ర నిలిపేస్తున్నానంది రష్యా. చూపిన కారణాల్లో అనువాద దోషం అన్నది లేదు.