బ్రేకు విఫలమైతే తప్పంతా డ్రైవరుదేనా?
ఘాట్ రోడ్లపై లారీల బ్రేకులు విఫలం కావడానికి డ్రైవర్ల నిర్లక్ష్యమే ప్రధాన కారణమన్న వ్యాసకర్త అభిప్రాయంతో నేను ఏకీభవించలేను. లారీ బ్రేకులు గాలి పీడనంతో పనిచేస్తాయి; ఆ పీడనం బాగా పడిపోతే వెనుక చక్రాల స్ప్రింగ్ బ్రేకు (స్ప్రింగు బలంతో పట్టే బ్రేకు) దానంతటదే పట్టుకుంటుంది. దిగుడులో పదేపదే బ్రేకు తొక్కవలసి వచ్చి చక్రాలతో పాటు తిరిగే బ్రేకు డ్రమ్ములు వేడెక్కినప్పుడు మాత్రం, ట్యాంకులో గాలి నిండుగా ఉన్నా డ్రమ్ములకు ఒరుసుకుని చక్రాన్ని ఆపే లైనర్లు పట్టు కోల్పోతాయి, అసలు ప్రమాదం అక్కడే ఉంది. అనంతగిరి ఘాట్‌లో లోడుతో దిగుతుండగా మా బావగారికి ఇదే ఎదురైంది. బండి అప్పటికే రెండో గేరులో, తక్కువ వేగంతో ఉండబట్టి, దాన్ని కొండవైపు గట్టుకు ఆనించి ఆపగలిగారు. తర్వాత గాజువాక ఆటోనగర్‌లో విప్పి చూస్తే లైనర్లు మాడిపోయి, ఒక చక్రం స్లాక్ అడ్జస్టరు (లైనరుకూ డ్రమ్ముకూ మధ్య ఖాళీని సరిచేసే భాగం) అసలు తిరగకుండా బిగుసుకుపోయి ఉంది. లైనర్లు మార్చాలని ఆయన ముందే అడిగినా, కిరాయి పోతుందని వాయిదా వేసింది యజమానే (అధిక లోడు సంగతి సరేసరి).