పాత ఉద్యోగానికీ కొత్త ఉద్యోగానికీ మధ్య తొమ్మిది రోజులు

ఉద్యోగం మారేటప్పుడు జీతం గురించి గట్టిగా బేరమాడతాం. జాయినింగ్ డేటు, నోటీస్ పీరియడ్, మిగిలిన లీవుల లెక్క, అన్నీ అడుగుతాం. పాత హెల్త్ ఇన్సూరెన్స్ ఏ రోజు ఆగుతుంది, కొత్తది ఏ రోజు మొదలవుతుంది అని మాత్రం అడగం. నేనూ అడగలేదు.

శుక్రవారం పాత కంపెనీలో ఆఖరి రోజు. కొత్తదాంట్లో చేరాల్సింది ఆ పై వారం దాటాక సోమవారం. మధ్యలో తొమ్మిది రోజులు ఖాళీ దొరికిందని సంబరపడ్డాను. నాలుగో రోజు తెల్లవారుజామున నాన్నకి ఛాతీలో నొప్పి. హాస్పిటల్ కౌంటర్లో కార్డు ఇస్తే ఆ అమ్మాయి రెండుసార్లు నంబర్ కొట్టి చూసింది. గొంతు తగ్గించి, "సార్, పాలసీ యాక్టివ్‌గా లేదండీ" అంది. వెనక వీల్‌చైర్లో ఉన్న నాన్నకి వినపడింది. "నొప్పి తగ్గిందిరా, ఇంటికి పోదాం పద" అన్నారు. తగ్గలేదు. చొక్కా గుండీల మీద అదిమిపెట్టిన చెయ్యి అలాగే ఉంది.

స్టెంట్ వేశారు. ఇప్పుడు బాగున్నారు. దాచుకున్న డబ్బు పోయిందన్న బాధ కన్నా, ఆయన ఆ మాట అనాల్సి వచ్చిందన్న బాధే నాకు ఇప్పటికీ పోలేదు.

మానేసే రోజున నా దగ్గర ల్యాప్‌టాప్, ఛార్జర్, ఐడీ కార్డు, చివరికి డ్రాయర్ తాళంచెవి కూడా లెక్కపెట్టి తీసుకున్నారు. ఇన్ని కాగితాల మీద సంతకాలు పెట్టించుకున్నవాళ్లు, "ఈ రాత్రితో మీ ఇంట్లోవాళ్ల ఇన్సూరెన్స్ ఆగిపోతుంది" అని ఒక్క లైను రాయలేరా? రిలీవింగ్ లెటర్లో ఆ తేదీ, ఆఫర్ లెటర్లో కొత్త పాలసీ మొదలయ్యే తేదీ తప్పనిసరిగా ఉండాలి. నేను అడిగేది ఇంతే.

దారులు లేక కాదు. అమెరికాలో కోబ్రా అనే చట్టం ఉంది. 20 మంది, అంతకు మించి పనిచేసే కంపెనీ నుంచి బయటికొస్తే సాధారణంగా 18 నెలల దాకా అదే ప్లాన్లో కొనసాగవచ్చు. నిర్ణయించుకోవడానికి కనీసం 60 రోజుల గడువు. ప్రీమియం కట్టేస్తే పాత కవరేజీ ఆగిన రోజు నుంచే వర్తిస్తుంది. కానీ కంపెనీ వాటాతో సహా ప్రీమియం మొత్తం, ఆపైన ఇంకో 2 శాతం దాకా మనమే కట్టుకోవాలి. జీతం ఆగిపోయిన మనిషికి అదెంత భారమో వేరే చెప్పాలా?

భారత్‌లోనూ కంపెనీ గ్రూప్ పాలసీ నుంచి అదే ఇన్సూరెన్స్ కంపెనీ వ్యక్తిగత పాలసీకి మారే వీలుంది. అప్పటికే గడిచిన వెయిటింగ్ పీరియడ్, అంటే కొన్ని జబ్బులకి ఇన్సూరెన్స్ వర్తించడానికి ఆగాల్సిన కాలం, లెక్కలోకి వస్తుంది. ఇది చిన్న విషయం కాదు. ముందే ఉన్న బీపీ, షుగర్ లాంటి జబ్బులకి కొత్త పాలసీలో 36 నెలల దాకా ఆగాల్సి రావచ్చు. 2024కి ముందు అది 48 నెలలు. పాలసీ ఆగకముందే అడగాలని నాకు చెప్పినవాళ్లు లేరు.

మా టీంలో ఒకమ్మాయి వచ్చే నెల మానేస్తోంది. వాళ్లమ్మగారికి షుగర్. పార్టీ ఎప్పుడని అందరూ అడుగుతుంటే, నేను పక్కకి పిలిచి హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టించాను. నిన్న జవాబొచ్చింది: ఆఖరి పనిరోజు అర్ధరాత్రి దాకానే. సాయంత్రం ఇంటికి వెళ్లేలోపే సొంత పాలసీకి మారడానికి అప్లికేషన్ పెట్టేసింది.